షెరీఫ్ మీద ఫిర్యాదులు చూసే బోర్డు రూల్స్ తిరగరాస్తున్నాం: ఏడాది గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి?

పాత ఎస్‌ఓపీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు పొడుగైంది, ఓపికున్నవాళ్లు చదవండి.

మాది నరసరావుపేట పక్కన పల్లె. ఉండేది కాలిఫోర్నియా. కౌంటీ పేరు చెప్పను. మా బోర్డులో తెలుగువాణ్ని నేనొక్కణ్నే, పేరు చెప్తే మనిషి దొరికిపోతాడు. ఇరవై రెండేళ్లు మందుల కంపెనీల్లో క్వాలిటీ డిపార్టుమెంటులో చేశాను. ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చెయ్యాలో వరసగా చెప్పే కాగితాలు) రాయడం, పక్కవాళ్లు రాసినవాటి మీద ఎర్రపెన్ను పెట్టడం, అదే నా బతుకు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక దరఖాస్తు పెడితే, మా డిస్ట్రిక్ట్ సూపర్‌వైజరు (కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యుల్లో ఒకరు) నన్ను షెరీఫ్ మీద ఫిర్యాదులు చూసే పౌర బోర్డులో వేశారు.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ షెరీఫ్‌ని కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం ఓట్లేసి ఎన్నుకుంటారు. సొంత పోలీసులు లేని ఊళ్లలో గస్తీ ఆయనదే, కౌంటీ జైళ్లూ ఆయన చేతిలోవే. కింద పనిచేసేవాళ్లని డిప్యూటీలంటారు. మా బోర్డులో ఉన్నది మామూలు జనం: ఒక రిటైర్డ్ టీచరమ్మ, ప్లంబింగ్ కాంట్రాక్టరు, పాస్టరు, నేను, ఇంకొందరు. జీతం లేదు. నెలకోసారి కూర్చుని, ఇన్వెస్టిగేటర్లు తెచ్చిన ఫైళ్లు చదివి, తప్పు జరిగిందా లేదా తేల్చి షెరీఫ్‌కి సిఫారసు పంపుతాం. శిక్ష వేసేది ఆయనే. వెయ్యను అంటే మేం చేసేదేం లేదు.

ఇప్పుడు మా రూల్స్ మార్చే పని ముగ్గురి మీద పెట్టారు: టీచరమ్మ, కాంట్రాక్టరు, నేను. పుస్తకం చేతికొచ్చిన రోజే నాకు కళ్లు తిరిగాయి. కవరు పేజీ మీద వెర్షన్ నంబరు లేదు. ఏ పేరా ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో రాసిన పట్టిక లేదు. మా ఫ్యాక్టరీలో వెర్షన్ నంబరు లేని కాగితం గోడకి అంటిస్తే ఆ సాయంత్రమే మెమో వచ్చేది. "చేయవలెను" అనాల్సిన చోట "చేయవచ్చును" పద్నాలుగు చోట్ల ఉంది, లెక్కపెట్టాను. చిన్నచిన్నవి మూడు మీటింగుల్లో సర్దేశాం. రెండు చోట్ల మాత్రం బండి దిగబడింది.

మొదటిది గడువు. ఒక రూలేమో "సంఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు అందవలెను" అంటుంది. పది పేజీల తర్వాత ఇంకోటి: "ఏడాది దాటిన కేసును విచారణ లేకుండా ముగించవచ్చును." చదివేవాడికి రెండు ఏడాదులూ ఒకటే అనిపిస్తాయి. కాదు. రెండో ఏడాది మేం పెట్టింది కాదు, రాష్ట్ర చట్టంలోది. పోలీసు ఉద్యోగుల హక్కుల చట్టం ఒకటుంది, గవర్నమెంట్ కోడ్ 3304 సెక్షను. దర్యాప్తు మొదలుపెట్టే అధికారం ఉన్న మనిషికి విషయం తెలిసిన రోజు నుంచి ఏడాదిలోగా దర్యాప్తు ముగించి నోటీసు ఇవ్వకపోతే, ఆ తప్పుకి ఆ ఉద్యోగిని శిక్షించకూడదు. క్రిమినల్ కేసు నడుస్తుంటే ఆ గడియారం ఆగుతుంది, ఇంకా కొన్ని మినహాయింపులున్నాయి.

ఆ సెక్షను నాలుగుసార్లు చదివాను. శిక్షించకూడదు అని ఉంది. ఏం జరిగిందో కనుక్కోకూడదు అని ఎక్కడా లేదు! మా రూలు రాసిన మహానుభావుడెవరో రెంటినీ ఒకే పలుపుతాడుతో కట్టేశాడు.

ఇది కాగితం గొడవ అనుకుంటున్నారేమో. శాన్ డియాగో కౌంటీలో ఇలాంటి బోర్డే ఉంది, 1990లో జనం ఓటేసి పెట్టుకున్నది. 2017 నవంబరులో ఆ బోర్డు 22 మరణాల కేసుల్ని ఒక్క దెబ్బకి మూసేసింది. కారణం, ఏడాది దాటిపోయింది. 2022 ఫిబ్రవరిలో స్టేట్ ఆడిటర్ రిపోర్టు వచ్చింది: 2006 నుంచి 2020 దాకా ఆ కౌంటీ జైళ్లలో 185 మంది చనిపోయారు, వాటిలో చాలా మరణాల్ని బోర్డు విచారించనే లేదు అని. మా కాంట్రాక్టరుకి ఇది చెప్తే, "శిక్ష వెయ్యలేనప్పుడు విచారించి ఏం లాభం, ఇన్వెస్టిగేటరు జీతం దండగ" అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. లెక్కల మనిషి.

రెండోది సంతకం. మా ఫిర్యాదు ఫారం అడుగున "పైన రాసింది అబద్ధమైతే అబద్ధ సాక్ష్యం నేరం కింద శిక్షకు అర్హుడను" అని ఒక లైనుంది. దానికింద సంతకం లేకపోతే ఫారం తీసుకోరు. పోయిన ఉగాది ఫంక్షన్‌లో నేనొక టేబులు వేసుకుని ఈ ఫారాలు పెట్టుకు కూర్చున్నాను. పక్క టేబులు మీద ఉగాది పచ్చడి అయిపోయింది, నా ఫారాలు కదల్లేదు. ఒక కుర్రాడు, ఒంగోలు వైపు యాస, మొత్తం చదివాడు. ఆఖరి లైను దగ్గర ఆగాడు. "హెచ్ వన్ మీద ఉన్నానండీ, లాయర్ని అడిగి వస్తాను" అని ఫారం మళ్లీ దొంతిలో, మూలలు సర్ది మరీ పెట్టి వెళ్లాడు. రాలేదు. వాళ్ల నాన్నకి రోడ్డు మీద ఏం జరిగిందో నాకు సగమే తెలుసు.

ఆ లైను తీసేస్తే దొంగ ఫిర్యాదులు వరదలా వస్తాయని కాంట్రాక్టరు. తీసెయ్యమని టీచరమ్మ. నా ఓటు మిగిలింది.

ఈ రెండు వాక్యాలూ మీరైతే ఎలా రాస్తారు? వచ్చే మంగళవారం బోర్డు మీటింగు.

వానకోన

మాస్టారూ, సియాటిల్ నుంచి రాస్తున్నాను. నేను బోర్డులో లేను, మీటింగులకి వెళ్లి వెనక వరసలో కూర్చునే రకం.

మా ఊళ్లో మూడు కాళ్ల పీట. ఫిర్యాదులు విచారించేది ఓపీఏ అనే ఆఫీసు. అది సరిగ్గా చేస్తోందా లేదా చూసేది ఇన్‌స్పెక్టర్ జనరల్. జనం మాట వినిపించేది కమ్యూనిటీ పోలీస్ కమిషన్. 2017 ఆర్డినెన్సుతో (ఇక్కడ ఆర్డినెన్సంటే స్థానిక చట్టం) ఇలా కుదిరింది. ఓపీఏకి 180 రోజులు. దాటితే మీ దగ్గరలాగే శిక్షకి దారి మూసుకుంటుంది. అందుకే ఇక్కడ అందరూ "వన్ ఎయిటీ ఎప్పటికి?" అనే అడుగుతారు.

మీ మొదటి రూల్లో "సంఘటన జరిగిన" అన్న మాట దగ్గర నాకు గుండె కలుక్కుమంది. 2023 జనవరి 23 రాత్రి డెక్స్‌టర్ అవెన్యూ మీద మన ఆదోని అమ్మాయి జాహ్నవి కందులని పోలీసు కారు గుద్దింది. ఆ అమ్మాయి క్రాస్‌వాక్ మీద ఉంది. గంటకి 25 మైళ్లు దాటకూడని రోడ్డు మీద కారు 74 దాకా వెళ్లిందని దర్యాప్తులో తేలింది. తర్వాత ఇంకో ఆఫీసరు ఆ చావు గురించి ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది ఆయన బాడీ కెమెరాలోనే పడింది. జనం విన్నది సెప్టెంబరులో. అంటే దాదాపు ఎనిమిది నెలలు అది ఎక్కడో సర్వర్లో పడి ఉంది. ఆ నవ్వినాయన్ని ఉద్యోగంలోంచి తీసేసింది 2024 జులైలో, కారు నడిపినాయన్ని 2025 జనవరిలో.

ఇప్పుడు మీ రూలు పెట్టి చూడండి. ఆ రికార్డింగు ఇంకో నాలుగైదు నెలలు ఎవరి కంటా పడకుండా ఉంటే, మనలాంటి బయటి మనిషి తెచ్చే ఫిర్యాదుకి గడువు అప్పటికే అయిపోయేది. విననిదాని మీద ఫిర్యాదు ఎలా చేస్తాం? "జరిగిన రోజు" కొట్టేసి "తెలిసిన, లేదా తెలియడానికి వీలైన రోజు" అని రాయండి.

పాత ఎస్‌ఓపీ

అమ్మా, ఆ "వీలైన" అన్నమాట పట్టుకుని మా కౌంటీ లాయరు గంట వాదిస్తాడు. అయినా రాసుకున్నాను. ఆ అమ్మాయి వార్త వచ్చిన వారం మా గుళ్లో కూడా ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

రాత్రి డ్యూటీ

అంకుల్, నేను జైలు నర్సుని. ఏ కౌంటీనో నేనూ చెప్పను. తొమ్మిదేళ్లుగా నైట్ షిఫ్టే.

మొదట మీకు నచ్చని మాట చెప్తాను. మీ కాంట్రాక్టరు గారిని మరీ తీసిపారెయ్యకండి. మా బ్లాకులో ఒక డిప్యూటీ మీద ఫిర్యాదు పదకొండు నెలలు నడిచింది. అన్నాళ్లూ ఆయన సార్జెంట్ పరీక్షకి కూర్చోలేదు, నిద్రపోలేదు, మాతో మాట్లాడ్డం తగ్గించాడు. చివరికి "అసలు జరగలేదు" అని ఉత్తరం వచ్చింది. అది ఆరు వారాల్లో తేలాల్సిన కేసు, కెమెరా ఎదురుగానే ఉంది. గడువులంటే మీరు ఫిర్యాదు చేసేవాళ్ల వైపు నుంచే చూస్తున్నారు. మీ ఇన్వెస్టిగేటరు ఎన్ని రోజుల్లో తేల్చాలో కూడా రాయండి. తేల్చకపోతే ఎందుకు తేలలేదో బోర్డు ముందు నిలబడి చెప్పాలని రాయండి.

ఇక మరణాల సంగతి. వాటికి ఫిర్యాదు అనే మాటే తీసెయ్యండి. చచ్చిపోయినవాడు ఫారం నింపడు. వాళ్లమ్మ ఎక్కడో ఇంకో రాష్ట్రంలో ఉంటుంది, ఆవిడకి మీ బోర్డు ఉందని తెలిసేసరికి ఆరు నెలలు. అసలు పని మొదటి మూడు రోజుల్లోదే. ఇక్కడ రాష్ట్రం రూలు ప్రకారం ఖైదీల్ని కనీసం గంటకోసారి కళ్లారా చూడాలి. ఆ తిరుగుడు లాగ్‌లో ఉంటుంది, కారిడార్ కెమెరాలో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితేనే నిజం తెలుస్తుంది. లాగ్ ఎక్కడికీ పోదు. వీడియో మీద ఇంకో వీడియో పడిపోతుంది. కాబట్టి మరణం కబురు అందిన రోజే "వీడియో, లాగ్, ఇంటర్‌కామ్ రికార్డు, ఏదీ చెరపొద్దు" అని మీ ఆఫీసు నుంచి కాగితం వెళ్లాలి. వెళ్లవచ్చు కాదు. వెళ్లాలి.

ఇంకోటి, అడగనా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. మీ బోర్డు డిప్యూటీల్నే చూస్తుందా, మమ్మల్ని కూడానా? నా షిఫ్టులో పోయిన ఒకతని కేసులో అక్కడి బోర్డు డిప్యూటీలు ముగ్గుర్ని ప్రశ్నలడిగింది. ఆ రాత్రి పల్స్ చూసింది నేను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, మేం కాంట్రాక్టు కంపెనీ మనుషులం కాబట్టి.

బెజవాడ వకీలు

సార్, ఇండియా నుంచి ఒక మాట. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. ఆరోది పోలీస్ కంప్లయింట్స్ అథారిటీ. రాష్ట్రస్థాయిలో ఒకటి, ఎస్పీ, ఆపై హోదావాళ్ల మీద. జిల్లా స్థాయిలో ఒకటి, డీఎస్పీ వరకు. రాష్ట్రానికి రిటైర్డ్ హైకోర్టు లేదా సుప్రీంకోర్టు జడ్జి, జిల్లాకి రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షులు. కస్టడీలో మరణం, తీవ్రమైన గాయం, అత్యాచారం, జిల్లాల్లో వీటితోపాటు బలవంతపు వసూళ్లు, భూమి, ఇల్లు కబ్జా కూడా.

మీరు అసూయపడే ముక్క ఒకటుంది అందులో: ఈ అథారిటీ సిఫారసులు ప్రభుత్వం పాటించి తీరాలి. మీ అమెరికా బోర్డుకి లేని పవరు. మరి ఏమైంది అని అడగండి. రాష్ట్రాలు ఏళ్లకి ఏళ్లు నానబెట్టాయి. 2021లో మా ఆంధ్రప్రదేశ్‌లో ఛైర్మన్ని వేస్తే ఆ జీవోని హైకోర్టు సస్పెండ్ చేసింది. లాఠీ గురించి కాదు ఆ కేసు, లాకప్ గురించీ కాదు. ఛైర్మన్ వయసెంత ఉండాలి, ఎవరు ఎంపిక చెయ్యాలి, వీటి గురించి. మీరు వెర్షన్ నంబరు గురించి బాధపడితే మీ వాళ్లు నవ్వుకుంటున్నారేమో, నేను నవ్వను. ఫిర్యాదుదారుడి పేరు చదవకముందే నియామకం నిబంధన దగ్గర ఆగిపోయే వ్యవస్థని కళ్లారా చూశాను.

ప్రమాణం లైను గురించి. మా దగ్గర నోటరీ ముద్ర లేని కాగితం ముట్టుకోరు, కాబట్టి నేను పాతకాలపువాణ్నే. అయినా ఒకటి ఆలోచించండి. ఫిర్యాదు సాక్ష్యం కాదు, సమాచారం. స్టేషన్లో ఎఫ్ఐఆర్ ఇచ్చేవాడు ప్రమాణం చెయ్యడు. సాక్ష్యం చెప్పే రోజున చేస్తాడు. ఫారం మీద వట్టి సంతకం చాలు. ఇన్వెస్టిగేటరు ముందు వాంగ్మూలం ఇచ్చేటప్పుడు ప్రమాణం పెట్టుకోండి. అప్పటికి ఆ మనిషికి ఎదురుగా ఒక ముఖం కనిపిస్తుంది, భయం సగం పోతుంది.

అన్నట్టు ఆ ఫారం తెలుగులో ఉందా? 2015లో అలబామాలో మాడిసన్ అనే ఊళ్లో, మనవణ్ని చూసుకోవడానికి వచ్చిన గుజరాతీ పెద్దాయన ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే పోలీసు కింద పడేశాడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు "నో ఇంగ్లీష్" అన్నంతే. అలాంటాయన మీ ఫారం ఎలా నింపుతాడు?

శాంటా రోజా పద్మ

ఇంత రాశారు, యూనియన్ మాట ఒక్కరూ ఎత్తలేదు! హెచ్‌ఆర్‌లో ఉంటాను కాబట్టి కడుపుమంట.

మా సొనోమా కౌంటీలో 2020 నవంబరులో మెజర్ పీ అని పర్యవేక్షణ ఆఫీసుకి పవర్లు పెంచే బ్యాలెట్ పెట్టారు, జనం భారీగా గెలిపించారు. 2021లో ప్రభుత్వ ఉద్యోగ సంబంధాల బోర్డు, డిప్యూటీల సంఘాలతో ముందే మాట్లాడకుండా పెట్టడం తప్పు అని తేల్చింది. 2022లో అప్పీలు కోర్టు దాన్ని కొంత పక్కనపెట్టింది. ఈ మధ్యలో పోయిన కాలం ఎవరు తిరిగిస్తారు? మీరు మార్చేవాటిలో ఉద్యోగి క్రమశిక్షణకి తగిలేవి ఏవో, వట్టి ఆఫీసు పద్ధతులేవో రెండు దొంతులు చెయ్యండి అన్నయ్యగారూ. రెండో దొంతి మంగళవారమే పెట్టెయ్యండి. మొదటి దొంతి మీద ముందు సంఘానికి ఉత్తరం. వీడియో చెరపొద్దు అనేది రెండో దొంతిలోకి వస్తుందని నా లెక్క, మీ లాయర్ని అడగండి.

పాత ఎస్‌ఓపీ

పద్మగారూ, ఈ దొంతుల మాట ముందే చెప్పి ఉంటే మాకు రెండు మీటింగులు మిగిలేవి. నిన్న రాత్రి డైనింగ్ టేబులు మీద నిజంగానే రెండు దొంతులు పెట్టాను. మా ఆవిడ ఒకదాని మీద పెరుగు గిన్నె పెట్టింది.

నర్సమ్మా, నీ ప్రశ్నకి జవాబు: మా ఆర్డినెన్సులో షెరీఫ్ ఉద్యోగుల మాటే ఉంది. రూల్స్‌తో ఆర్డినెన్సు దాటలేం, అది సూపర్‌వైజర్లు మార్చాలి. కాంట్రాక్టు వైద్య సిబ్బందిని కూడా చేర్చమని బోర్డు తరఫున విడిగా ఒక ఉత్తరం రాశాను. కాకపోతే సాక్షిగా పిలవడానికి ఇప్పుడే దారి ఉంది. 2021 జనవరి నుంచి అమల్లో ఉన్న ఏబీ 1185 చట్టం ఇలాంటి కౌంటీ బోర్డులకి సమన్లిచ్చే పవరు ఇచ్చింది. మా రూల్స్‌లో ఆ చట్టం పేరే లేదు, అంత పాతవి. చేర్చాం. పల్స్ చూసినావిణ్ని పిలవాలి.

మంగళవారానికి పెడుతున్న వాక్యాలు, తెలుగులో చెప్తే ఇలా ఉంటాయి:

"డిప్యూటీల అదుపులో ఉండగా ఎవరైనా మరణిస్తే, ఫిర్యాదు వచ్చినా రాకపోయినా, కబురు అందిన రోజే కేసు నంబరు ఇవ్వవలెను, రికార్డులు భద్రపరచమని అదే రోజు లేఖ పంపవలెను. శిక్షకు చట్టం పెట్టిన గడువు దాటిందన్న ఒక్క కారణంతో మరణం కేసును ముగించరాదు."

"ఫిర్యాదు గడువును విషయం ఫిర్యాదుదారునికి తెలిసిన రోజు నుంచి లెక్కించవలెను." "వీలైన" అన్నమాట వదిలేశాను వానకోనమ్మా. లాయరుతో గంట వాదించాల్సి వస్తే మరణం కేసును ముగించరాదన్న వాక్యం మీద వాదిస్తాను.

"ఆరు నెలలు దాటిన ప్రతి కేసుకూ ఆలస్యానికి కారణం బహిరంగ సమావేశంలో, పేర్లు లేకుండా, చెప్పవలెను." పేర్లు ఎందుకు లేకుండానంటే, 2006లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన కోప్లీ ప్రెస్ తీర్పు ఇలాంటి ఫైళ్లని రహస్యం చేసింది. 2019 నుంచి కాల్పులు, తీవ్ర గాయాలు లాంటి కొన్ని రకాలే బయటికొచ్చాయి.

సంతకం విషయంలో వకీలు గారి మాటే పెట్టాను. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి ఎఫ్ఐఆర్ పోలిక చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి దొంగ ఫిర్యాదులు పెరిగితే?" అన్నాడు. ఏడాది తర్వాత లెక్క చూసి మళ్లీ కూర్చుందాం అన్నాను. సరే అన్నాడు గానీ, మరణాల రూలుకి మాత్రం వ్యతిరేకంగానే ఓటేస్తాడట. ముందే చెప్పాడు, అదొక మర్యాద.

తెలుగు ఫారం లేదండీ. స్పానిష్, వియత్నమీస్, తగలోగ్ ఉన్నాయి. అనువాదం నేనే మొదలుపెట్టాను, "రుజువు కాలేదు"కీ "అసలు జరగలేదు"కీ తేడా తెలిసేలా రాయడం దగ్గర ఆగాను. "రుజువు కాలేదు" అన్న ఉత్తరం అందుకున్న ఒకాయన నాకు ఫోన్ చేసి, "నన్ను అబద్ధాలకోరన్నారండీ" అని బాధపడ్డాడు. అనలేదు, సాక్ష్యం చాల్లేదన్నారంతే. "జరిగిందో లేదో తేల్చడానికి ఆధారాలు చాలలేదు" అని పొడుగ్గానే రాస్తున్నాను.

అజెండా 72 గంటల ముందు అంటించాలి కాబట్టి శుక్రవారం అయిదింటికల్లా కాగితాలు క్లర్కు చేతిలో ఉండాలి. కవరు పేజీ మీద వెర్షన్ 2.0 అని వేశాను. 1.0 ఎక్కడని అడిగితే ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.